సైకిల్ చక్రం వింత శబ్దం చేస్తోందా? మూలం పట్టుకునే పద్ధతి

చక్రం నుంచి ఏదో శబ్దం వస్తోందనగానే చాలామంది ముందు నూనె డబ్బా తీస్తారు. కనపడ్డ చోటల్లా నాలుగు చుక్కలు వేస్తారు. శబ్దం ఒక్కోసారి తగ్గుతుంది, రెండు రోజులకు మళ్లీ మొదలవుతుంది. ఈలోగా ఆ నూనె రిమ్ము మీదకో డిస్కు మీదకో పాకితే బ్రేకు పట్టదు. అందుకే నేను ఎవరికైనా ముందు చెప్పేది ఒకటే: శబ్దం ఎప్పుడు వస్తోంది, చక్రం ఒక చుట్టు తిరిగేలోపు ఎన్నిసార్లు వస్తోంది అన్న రెండు సంగతులు తేలేదాకా నూనె డబ్బా, పానా రెండూ పక్కన పెట్టండి. ఆ రెండూ తేలితే సగం పని అయిపోయినట్టే.

ఎక్కడి నుంచి వస్తోందన్న విషయంలో మాత్రం చెవిని నమ్మకండి. సైకిల్ ఫ్రేము బోలు గొట్టాలతో చేసింది. వెనక చక్రంలో పుట్టిన టిక్కు ఆ గొట్టాల వెంట పోయి పెడళ్ల దగ్గరో హ్యాండిల్ దగ్గరో వినిపిస్తుంది. నా గేర్ల సైకిల్ ఒకసారి నెల రోజులు టిక్కు టిక్కుమంది. కాళ్ల దగ్గరి నుంచే వస్తున్నట్టు అనిపించేది. రిపేరు షాపుకు తీసుకెళ్తే పెడళ్ల మధ్య ఇరుసు పోయిందని అది మార్చారు, తర్వాత పెడళ్లు మార్చారు. టిక్కు మాత్రం అలాగే ఉంది. అసలు కారణం ముందు చక్రంలో ఉంది. అదేమిటో వాల్వు దగ్గరకు వచ్చినప్పుడు చెబుతాను.

మొదటి మెట్టు: లెక్కపెట్టడం

రద్దీ లేని, చదునుగా ఉన్న రోడ్డు చూసుకోండి. వేగం ఒకే తీరుగా ఉంచి తొక్కండి. గంటకు 15 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు సుమారు 4.2 మీటర్లు. 700సి సైజు చక్రం ఒక చుట్టుకు సుమారు 2.1 మీటర్లు పోతుంది. అంటే ఆ వేగంలో చక్రం సెకనుకు రెండు చుట్లు తిరుగుతుంది. పాతకాలం 28 అంగుళాల నల్ల సైకిల్ చక్రం ఇంకాస్త పెద్దది కాబట్టి రెండుకు కొద్దిగా తక్కువ. కాళ్లు అంత జోరుగా తిరగవు. ముందు పళ్లచక్రానికి 44 పళ్లు, వెనక ఫ్రీవీలుకు (వెనక చక్రానికుండే పళ్లచక్రం, కాళ్లు ఆపినా చక్రాన్ని తిరగనిస్తుంది) 18 పళ్లు ఉన్న సైకిల్ మీద పెడలు ఒక చుట్టు తిరిగేసరికి చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది.

శబ్దం సెకనుకు రెండుసార్లు వస్తుంటే అనుమానం చక్రం మీదకు పోవాలి. కుడికాలు కిందికి దిగిన ప్రతిసారీ వస్తుంటే అది పెడలుదో, పెడలును పట్టి ఉంచే కమ్మీ అయిన క్రాంకుదో. రెండు మూడు పెడలు చుట్లకు ఒక్కసారే వస్తుంటే చైనులో ఒక లింకు బిగుసుకుని ఉండొచ్చు, ఎందుకంటే చైను మొత్తం ఒకసారి తిరిగి రావడానికి అంత సమయం పడుతుంది. టిక్కులు లెక్కకు అందకుండా బర్ర్‌మని ఒకటే మోత వస్తుంటే ఏదో స్పోకులకు తగులుతోందని అర్థం. 36 స్పోకులు సెకనుకు రెండు చుట్లు తిరిగితే 72 దెబ్బలు. వాటిని చెవి విడివిడిగా వినలేదు.

లెక్క కష్టమనిపిస్తే ఇంకో దారి ఉంది. సైకిల్ దిగి, సీటు మీద చేయి వేసి కొంచెం నొక్కుతూ పక్కన నడవండి. కళ్లు వాల్వు మీద పెట్టండి. శబ్దం వచ్చిన ప్రతిసారీ వాల్వు ఒకే చోట, అంటే కిందో పైనో ఉంటే ఆ శబ్దం చక్రంతో పాటు తిరిగేదే.

రెండో మెట్టు: ఎప్పుడు వస్తోంది?

తొక్కుతూ తొక్కుతూ కాళ్లు ఆపండి, సైకిల్ దానంతట అది పోనివ్వండి. శబ్దం ఆగకపోతే చక్రం, బ్రేకు, మడ్‌గార్డులలో ఒకటి. ఆగిపోతే పెడళ్లు, క్రాంకు, చైను వైపు చూడాలి. కానీ ఆగిపోయినంత మాత్రాన వెనక చక్రాన్ని వదిలేయకండి. తొక్కుడు బలం వెనక స్పోకుల మీద పడుతుంది, వదులు స్పోకు అప్పుడే ఎక్కువ కిర్రుమంటుంది. పైగా కాళ్లు ఆపగానే ఫ్రీవీలు తన టకటక మొదలుపెడుతుంది, చిన్న శబ్దాలు అందులో కలిసిపోతాయి. నా సైకిల్ విషయంలో జరిగింది ఇదే. కాళ్లు ఆపితే టిక్కు పోతోందనుకున్నాను. అది పోలేదు, వినపడలేదంతే.

తర్వాత సీటు మీద నుంచి లేచి నిలబడి తొక్కండి. శబ్దం పోతే అది సీటుదో సీటు కింది గొట్టానిదో. బ్రేకును పట్టీపట్టనట్టు తాకించండి. శబ్దం మారితే బ్రేకునో రిమ్మునో చూడాలి. మలుపులో ఒక పక్కకు వాలినప్పుడే వస్తుంటే ఇరుసు నట్లు, హబ్బు (చక్రం నడుమ స్పోకులు వచ్చి చేరే భాగం) వదులు, స్పోకులు అనుమానించాలి. గతుకుల్లో మాత్రమే లొడలొడమంటే అది సాధారణంగా చక్రం కాదు. క్యారేజీ, స్టాండు, బుట్ట, చైను కవరు, మడ్‌గార్డు ఊచలు ఒక్కొక్కటీ చేత్తో పట్టుకుని కదిపి చూడండి.

ఇంట్లో అదే సైజు చక్రాలున్న ఇంకో సైకిల్ ఉంటే చక్రాలు మార్చి చూడటం అన్నిటికన్నా గట్టి రుజువు. శబ్దం చక్రంతో పాటు రెండో సైకిల్‌కు వెళ్లిపోతే ఇక వాదన అక్కర్లేదు.

మూడో మెట్టు: చక్రాన్ని గాల్లో తిప్పడం

డబుల్ స్టాండు ఉన్న సైకిల్‌కు ఇది తేలిక, వెనక చక్రం దానంతట అదే లేస్తుంది. సైడు స్టాండు సైకిల్‌ను సీటు కింద తాడు కట్టి వరండా కమ్మీకో జామచెట్టు కొమ్మకో వేలాడదీయండి. తలకిందులుగా పెట్టినా పని జరుగుతుంది. కాకపోతే హైడ్రాలిక్ డిస్కు బ్రేకులుంటే అలా ఉన్నప్పుడు బ్రేకు నొక్కకండి. లోపల గాలి బుడగ ఉంటే నూనె దారిలోకి చేరి బ్రేకు మెత్తబడుతుంది.

ముందు నెమ్మదిగా, తర్వాత వేగంగా తిప్పండి. ఈ తేడా చాలా చెబుతుంది. నెమ్మదిగా తిప్పినప్పుడు రిమ్ములో ఏదో జారిపడుతున్నట్టు గలగలమని, వేగం పెరగగానే ఆగిపోతే లోపల విడిగా తిరిగే ముక్క ఉంది. వేగం పెరిగితే అది బయటి గోడకు అతుక్కుపోతుంది కాబట్టి మోగదు. వేగంతో పాటు గరగర పెరుగుతుంటే హబ్బు.

హబ్బు అనిపిస్తే పొడవాటి స్క్రూడ్రైవరు తీసుకుని, మొనను ఇరుసు నట్టు మీద ఆనించి, పిడిని చెవి పక్కన ఎముకకు ఆనించి వినండి. నట్టు తిరగదు కాబట్టి భయం లేదు. మొన మాత్రం స్పోకుల వైపు జారకుండా చూసుకోండి. ముందు చక్రం హబ్బునూ అలాగే విని పోల్చుకోండి. బాగున్న హబ్బు సన్నగా సుయ్యిమంటుంది, చెడిపోయింది మట్టి నమిలినట్టు వినిపిస్తుంది.

గాల్లో తిప్పితే ఏ శబ్దమూ రాకపోవడం కూడా ఒక జవాబే. బరువు పడితేనే పలికేవి కొన్ని ఉన్నాయి: వదులు స్పోకులు, పగుళ్లిచ్చిన రిమ్ము, సరిగ్గా బిగించని ఇరుసు. మీ అనుమానితుల జాబితా అంతమేరకు తగ్గింది.

ఇక బయటి నుంచి లోపలికి వెతుకుదాం. ముందు టైరు, తర్వాత రిమ్ము, స్పోకులు, చివర హబ్బు. తేలికగా తేలేవి ముందు తేలిపోతాయి.

టైరు

టైరు మీద నెమ్మదిగా వేలు నడపండి. గాట్లలో ఇరుక్కున్న గులకరాయి రోడ్డుకు తగిలినప్పుడల్లా టిక్కుమంటుంది. తుమ్మముల్లో గాజుపెంకో దిగి ఉంటే వెంటనే లాగకండి, ట్యూబుదాకా దిగి ఉంటే అక్కడే గాలి పోతుంది. ఇంటికి చేరాక తీయండి. చక్రం తిప్పుతూ టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య సందు చూడండి. ఒక్కచోటే రాసుకుంటుంటే టైరు అక్కడ ఉబ్బింది, లేదా రిమ్ములో సరిగ్గా కూర్చోలేదు. సరిగ్గా కూర్చోకపోతే గాలి తీసేసి, టైరును చుట్టూ చేత్తో సర్ది మళ్లీ గాలి కొట్టండి. పక్క గోడ ఉబ్బి బుడగలా కనిపిస్తే, తొక్కుతుంటే దబ్ దబ్‌మని ఎగిరేస్తుంటే, ఆ టైరు పని అయిపోయింది. లోపలి దారాలు తెగాయి. దాని మీద ఇంకో కిలోమీటరు కూడా వెళ్లకండి.

పాత సైకిళ్లకు లైటు వెలిగించే సీసా డైనమో ఉంటే అది టైరు పక్కన ఆనుకుని ఉందేమో చూడండి. క్లిప్పు వదులై పగలు కూడా టైరుకు తగిలి కూస్తూ ఉంటుంది.

రిమ్ము, వాల్వు

నా టిక్కు ఇక్కడే దొరికింది. రిమ్ములో రంధ్రం గుండా వాల్వు బయటకు వస్తుంది కదా. సన్నటి వాల్వు, లోతైన రిమ్ము ఉన్న చక్రాల్లో వాల్వు కాడ ఆ రంధ్రం అంచుకు కొట్టుకుంటుంది. వాల్వు మెడలో ఉండే చిన్న నట్టు వదులైనా అంతే. చుట్టుకు ఒక టిక్కు. కాడ చుట్టూ అంగుళం ముక్క ఇన్సులేషన్ టేపు చుట్టాను, నెల రోజుల శబ్దం పోయింది. అందుకే ఎవరి చక్రమైనా చుట్టుకు ఒకసారి టిక్కుమంటోందంటే నేను ముందు వాల్వు పట్టుకుంటాను. వేలితో గట్టిగా పట్టుకుని అటూ ఇటూ కదపండి. అదే టిక్కు వినిపిస్తే వెతుకులాట అక్కడితో ముగిసింది.

రిమ్ములో గలగల వినిపిస్తే టైరు, ట్యూబు, రిమ్ము టేపు తీసి, వాల్వు రంధ్రం కిందికి ఉండేలా పట్టుకుని కుదపండి. విరిగిన నిపుల్ (స్పోకును రిమ్ముకు బిగించే చిన్న నట్టు) తలో, తయారీలో మిగిలిన అల్యూమినియం రజనో రాలుతుంది. నిపుల్ తల రాలితే సంతోషించకండి, ఏ స్పోకు దగ్గర విరిగిందో వెతకండి.

మంచి వెలుతురులో ప్రతి నిపుల్ చుట్టూ రిమ్మును చూడండి. రంధ్రం నుంచి వెంట్రుకలాంటి గీతలు బయలుదేరితే, రంధ్రం చుట్టూ లోహం పైకి ఉబికి కనిపిస్తే రిమ్ము పగులుతోంది. ఆ చోటు నేలకు వచ్చిన ప్రతిసారీ కిర్రుమంటుంది. దీనికి అతుకు లేదు, రిమ్ము మార్చాల్సిందే. సాయంత్రం వెలుతురులో ఈ పగుళ్లు కనపడవు, టార్చిలైటు పక్క నుంచి ఏటవాలుగా వేయండి.

స్పోకులు

చక్రం శబ్దాల్లో నన్ను ఎక్కువ ఆకట్టుకునేవి స్పోకులవి. సైకిల్ బరువునంతా కింద ఉన్న స్పోకులు మోస్తున్నాయని చూసేవారికి అనిపిస్తుంది. సన్నటి తీగను నిలువుగా నొక్కితే వంగిపోతుంది గదా, ఎలా మోస్తుంది? కిటుకు ఏమిటంటే స్పోకులన్నీ ముందే గట్టిగా లాగి బిగించి ఉంటాయి. బరువు పడ్డప్పుడు నేల వైపున్న మూడు నాలుగు స్పోకుల్లో ఆ బిగువు కొంచెం తగ్గుతుంది. చక్రం ముందుకు తిరగగానే తిరిగి వస్తుంది. అంటే ప్రతి స్పోకూ చుట్టుకు ఒకసారి సడలి మళ్లీ బిగుసుకుంటుంది. 2.1 మీటర్ల చక్రం వెయ్యి కిలోమీటర్లు తిరిగేసరికి ఇది సుమారు 4,76,000 సార్లు జరుగుతుంది. స్పోకులు వంపు దగ్గర తెగడానికీ, కిర్రుమనడానికీ మూలం ఇదే. చాలినంత బిగువున్న స్పోకు సడలినా ఇంకా లాగి ఉంటుంది. ముందే వదులుగా ఉన్నది పూర్తిగా సడలి, హబ్బు రంధ్రంలో కదులుతుంది, పక్క స్పోకుకు రాసుకుంటుంది.

పరీక్ష చాలా తేలిక. పక్కపక్కనున్న రెండేసి స్పోకుల్ని పిడికిట్లో పట్టి నొక్కుతూ చక్రమంతా తిరగండి. ఒకటి మెత్తగా లొంగిపోతే అది వదులు. ఒకటి చేతిలోకి వచ్చేస్తే తెగిపోయినట్టే. చేతికి తెలియనిది చెవికి తెలుస్తుంది. తంబుర తీగ మీటినట్టు ఒక్కో స్పోకునూ గోటితో మీటండి. ఒకే వైపు స్పోకులన్నీ దాదాపు ఒకే శ్రుతిలో పలకాలి. ఒకటి డబ్బుమంటే అదే మీకు కావలసింది. గేర్ల సైకిల్ వెనక చక్రంలో మాత్రం కుడి స్పోకుల్ని ఎడమవాటితో పోల్చకండి. పళ్లచక్రాలకు చోటివ్వడానికి హబ్బు కుడివైపు స్పోకులు నిటారుగా దిగుతాయి, అందుకే అవి చాలా ఎక్కువ బిగువుతో ఉంటాయి, పై శ్రుతిలో పలుకుతాయి. అది లోపం కాదు.

బిగువంతా సమంగా ఉన్నా కిర్రుమంటుంటే రెండు స్పోకులు ఒకదాన్నొకటి దాటే చోటు చూడండి. అక్కడ లోహం లోహానికి ఆనుకుని ఉంటుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో, విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల, ఉప్పుగాలికి అక్కడ తుప్పు పొర పేరుకుంటుంది. నూనె డబ్బా తీయాల్సిన చోటు ఇదిగో ఇదే. ప్రతి కూడలికీ ఒక్క చుక్క వేసి, ఎక్కువైంది గుడ్డతో తుడిచేయండి. బ్రేకు పట్టే రిమ్ము మీద, డిస్కు మీద పడకూడదు. చక్రాన్ని విప్పి పడుకోబెట్టి వేస్తే ఆ భయం తక్కువ.

కొత్తగా స్పోకులు కట్టించిన చక్రం మొదటి సవారీలో టింగ్ టింగ్‌మంటే గాభరా పడకండి. నిపుల్ తిప్పేటప్పుడు స్పోకు కూడా కొంచెం మెలి తిరుగుతుంది, బరువు పడగానే ఆ మెలి విడిపోతూ చేసే శబ్దం అది. ఒకటి రెండు కిలోమీటర్లలో ఆగిపోతుంది. ఆ తర్వాత చక్రం మళ్లీ బెండు చూపిస్తుందేమో చూడండి.

ఒక్క స్పోకు వదులైతే ఇంట్లోనే సరిచేయొచ్చు. మీ నిపుల్‌కు సరిగ్గా పట్టే స్పోకు కీ కొనండి. వదులుగా పట్టే కీ నిపుల్ మూలలు అరగదీస్తుంది. టైరు వైపు నుంచి చూస్తున్నట్టు ఊహించుకుని గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే స్పోకు బిగుస్తుంది. హబ్బు వైపు నుంచి చూస్తే అదే వ్యతిరేక దిశగా కనిపిస్తుంది, చాలామంది తడబడేది ఇక్కడే. ఒకసారికి పావు చుట్టు మించొద్దు. పావు చుట్టు తిప్పి, చక్రం తిప్పి, బ్రేకు కట్టకూ రిమ్ముకూ మధ్య సందు చూడండి. రిమ్ము ఒకచోట కుడికి పోతుంటే అక్కడి ఎడమ స్పోకును పావు బిగించి, కుడిదాన్ని పావు వదలండి. తొందరపడి ఒకేచోట రెండు చుట్లు తిప్పితే ఇప్పటిదాకా లేని బెండు వస్తుంది.

స్పోకు తెగితే అది ఎక్కువగా వెనక చక్రంలో, కుడివైపు, హబ్బు దగ్గర వంపులో తెగుతుంది. నల్ల సైకిళ్లకు ముందు 32, వెనక 40 స్పోకులు ఉండటానికి కారణం వెనక చక్రం మీద ఎక్కువగా పడే బరువే. క్యారేజీ మీద బియ్యం బస్తానో గ్యాస్ బండో వేసుకున్నా ఒకటి తెగితే మిగతావి కాపాడతాయి. 20, 24 స్పోకుల చక్రంలో ఒకటి పోతే రిమ్ము బ్రేకుకు తగిలేంత వంకర తిరుగుతుంది. దారిలో తెగితే ముక్కను పక్క స్పోకుకు చుట్టో, టేపు వేసో కదలకుండా చేసి, నెమ్మదిగా ఇల్లు చేరండి. వెనక కుడివైపు స్పోకు మార్చాలంటే సాధారణంగా ఫ్రీవీలు విప్పాలి, దానికి వేరే సాధనం కావాలి. ఆ ఒక్క పనికి షాపుకు వెళ్లడమే మేలు. ఒకే చక్రంలో కొద్ది నెలల్లో మూడు స్పోకులు తెగితే ఒక్కొక్కటే మార్చుకుంటూ పోవద్దు. మొత్తం స్పోకులు మార్చి మళ్లీ కట్టించండి.

హబ్బు

ఇంకా శబ్దం దొరకలేదంటే హబ్బులోకి వెళ్లాలి. చక్రం పై అంచును పట్టుకుని ఫ్రేముకు అడ్డంగా అటూ ఇటూ ఊపండి. టక్ టక్‌మని ఆట, అంటే వదులు కదలిక కనిపిస్తే కోన్లు (ఇరుసు మీద బాల్స్‌ను పట్టి ఉంచే ముక్కలు) వదులు. లేదా ఇరుసు నట్లు వదులు, కాబట్టి ముందు వాటిని చూడండి. క్విక్ రిలీజ్ లివరు (పానా లేకుండా చక్రం విప్పే మీట) ఉన్న చక్రమైతే మూసేటప్పుడు లివరు అరచేతిలో అచ్చు పడేంత గట్టిగా ఉండాలి. వదులు లివరు ఎత్తు ఎక్కేటప్పుడు కిర్రుమంటుంది. అది శబ్దపు విసుగుతోనే ఆగదు, ముందు చక్రమే ఊడిపోగలదు.

చక్రం విప్పి ఇరుసును వేళ్లతో తిప్పండి. ఇసుక నలిగినట్టుంటే గ్రీజు ఎండింది, మట్టి చేరింది. మెట్టు మెట్టుగా ఆగుతూ తిరిగితే కోను గుంటలు పడింది. ఒకచోట బిగుసుకుని ఇంకోచోట వదులైతే ఇరుసు వంగి ఉండొచ్చు.

పగిలిన బాలు ఒకటుంటే దాని టక్కు అంతుచిక్కదు. చక్రం ఒక చుట్టు తిరిగేసరికి లోపలి బాల్స్ వరుస సగం చుట్టుకు కాస్త ఎక్కువ మాత్రమే తిరుగుతుంది. అందుకే ఆ శబ్దం వాల్వు లెక్కకు అందదు. ఒక చుట్టులో వస్తుంది, మరుసటి చుట్టులో రాదు, మళ్లీ వేరే చోట వస్తుంది. చక్రంతో లయ కలవని టక్కు కాళ్లు ఆపినా వస్తుంటే, నన్ను అడిగితే ముందు హబ్బు విప్పండి.

విప్పేటప్పుడు కింద తెల్లగుడ్డ పరిచిన పళ్లెం పెట్టుకోండి. ఒకవైపు కోనును మాత్రమే విప్పి ఇరుసును రెండో వైపు నుంచి లాగండి. బాల్స్ లెక్కపెట్టండి. చాలా గేర్ల సైకిళ్లలో ముందు హబ్బుకు వైపుకు 10 చొప్పున 3/16 అంగుళం బాల్స్, వెనక హబ్బుకు వైపుకు 9 చొప్పున 1/4 అంగుళం బాల్స్ ఉంటాయి. మీ హబ్బులో వేరే లెక్క ఉండొచ్చు, కొన్నిటిలో రేకు చట్రంలో అమర్చి ఉంటాయి. విప్పినప్పుడు ఎన్ని ఉన్నాయో రాసి పెట్టుకోండి. కిరసనాయిలులో కడిగి, ఆరనిచ్చి, కోను మీద బాల్స్ తిరిగే దారిని చూడండి. నున్నటి మెరిసే గీత ఉంటే మంచిది. చిన్న చిన్న గుంటలుంటే కోను మార్చండి. ఉప్పు కాగితం పెట్టి రుద్దితే గుంట పోదు, పైనున్న గట్టి పొర పోతుంది. బాల్స్‌లో ఒకటి చెడినా మొత్తం మార్చేయండి, వాటి ధర తక్కువ, కోను ధర ఎక్కువ.

హబ్బులో బాల్స్ కూర్చునే కప్పు నిండా కొత్త గ్రీజు పట్టించి బాల్స్ అందులో గుచ్చండి, అవే అతుక్కుంటాయి. కోనును వేళ్లతో ఆనేదాకా తిప్పి, కొంచెం వెనక్కి వదిలి, పలుచటి కోను పానాతో కోనును కదలకుండా పట్టి, రెండో పానాతో లాకు నట్టు బిగించండి. కోనుకు సాధారణంగా ముందు 13, వెనక 15 మిల్లీమీటర్ల పానా పడుతుంది. ఈ బిగింపు మొదటిసారే కుదిరిందంటే మీ చేయి మంచిది. నాకు ఇప్పటికీ రెండు మూడు ప్రయత్నాలు పడుతుంది. నట్ల ఇరుసైతే ఆట లేకుండా, బిగుతు లేకుండా సరిచేయాలి. క్విక్ రిలీజ్ ఇరుసైతే వెంట్రుకవాసి ఆట ఉంచాలి, లివరు మూసినప్పుడు ఇరుసు నొక్కుకుని ఆ ఆట పోతుంది. సరిగ్గా కుదిరిన ముందు చక్రాన్ని వదిలేస్తే వాల్వు బరువుకే మెల్లగా కిందికి తిరిగి, ఉయ్యాలలా రెండు మూడు ఊపులు ఊగి ఆగుతుంది.

కొన్ని పాత నల్ల సైకిళ్ల హబ్బు నడుమ క్లిప్పు మూసిన చిన్న రంధ్రం ఉంటుంది. అందులో కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు వేయండి. కొబ్బరినూనె వద్దు, చలికాలం గడ్డకడుతుంది, తర్వాత బంకలా మిగులుతుంది. సీలు వేసిన బేరింగులున్న హబ్బు గరగరమంటే బేరింగునే మార్చాలి. దాని మీద 6902 లాంటి అంకె ఉంటుంది. ఆ అంకె అంటే లోపల 15, బయట 28, మందం 7 మిల్లీమీటర్లు. అంకె చెబితే బేరింగుల షాపులో దొరుకుతుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడను ముంచినప్పుడు ఎన్నో సైకిళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. హబ్బు మునిగిన సైకిల్‌ను పైపైన కడిగి ఎండబెడితే చాలదు. శబ్దం రాకముందే విప్పి గ్రీజు మార్చండి. వాన నీళ్లలో చక్రం సగం దాకా దిగేలా వెళ్లినా ఇదే మాట.

ఫ్రీవీలు, దాని చుట్టుపక్కల

కాళ్లు ఆపినప్పుడు టకటకమనడం ఫ్రీవీలు స్వభావం. లోపలి చిన్న నాలుకలు పళ్ల మీద జారుతున్న చప్పుడు అది. ఆ చప్పుడు గరగరగా మారితే పలుచటి నూనె చాలు. గ్రీజు కూరకండి, చిక్కటి గ్రీజులో నాలుకలు అతుక్కుపోయి పైకి లేవవు. తొక్కుతుండగా టక్కుమని జారి కాలు గాల్లోకి పోయిందంటే నాలుకలు పట్టడం లేదు. లారీల మధ్య నిలబడి తొక్కేటప్పుడు ఇలా జారితే ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు, ఆ రోజే మార్చండి.

ఫ్రీవీలు వెనక ఉండే ప్లాస్టిక్ పళ్లెం ఎండకు పెళుసెక్కి పగిలి లొడలొడమంటుంది. స్పోకులకు తగిలించిన రిఫ్లెక్టర్లూ అంతే. ఎత్తు ఎక్కడానికి పెద్ద పళ్లచక్రం మీద వేసినప్పుడే బర్ర్‌మంటే వెంటనే ఆగండి. గేరు మార్చే చేయి స్పోకులకు తగులుతోంది. ఇంకొంచెం లోపలికి పోతే స్పోకుల్లో చిక్కుకుని చక్రాన్నీ ఫ్రేమునూ కలిపి విరిచేస్తుంది.

బ్రేకులు

డిస్కు చుట్టుకు ఒకసారి స్స్‌మంటే డిస్కు కొంచెం వంగింది. ఆపకుండా రాసుకుంటుంటే బ్రేకు కాలిపరు (డిస్కును రెండు వైపుల నుంచి నొక్కే భాగం) మధ్యలో లేదు. కాలిపరును పట్టే రెండు బోల్టులు వదులు చేసి, బ్రేకు గట్టిగా నొక్కి పట్టుకుని, అలాగే బోల్టులు బిగించండి. చాలాసార్లు ఇంతే. డిస్కును వేళ్లతో ముట్టుకోకండి, చేతి జిడ్డు చాలు కీచుమనడానికి. దిగుడు దిగి ఆగిన వెంటనే ముట్టుకుంటే వేళ్లు కాలతాయి కూడా. ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో శుభ్రమైన గుడ్డ తడిపి తుడవండి. నూనె పీల్చిన ప్యాడ్లు మాత్రం మార్చాల్సిందే.

రిమ్ము బ్రేకు కీచుమంటే రబ్బరు కట్ట ముందు కొస రిమ్ముకు ముందు తగిలేలా, వెనక ఒక మిల్లీమీటరు సందు ఉండేలా బిగించండి. వెనక కొస కింద పాత పోస్టుకార్డు ముక్క పెట్టి బిగిస్తే ఆ సందు దానంతట అదే వస్తుంది. బ్రేకు పట్టినప్పుడు చరచరమంటే కట్టలో ఇసుక, లోహపు రజను గుచ్చుకుని ఉంటాయి. పిన్నీసుతో ఒక్కొక్కటీ తీసేయండి, లేకపోతే రిమ్మునే కోసేస్తాయి.

బాగుచేశాక

ఒకసారికి ఒక్క మార్పే చేయండి. వాల్వుకు టేపు, స్పోకులకు నూనె, హబ్బుకు గ్రీజు అన్నీ ఒకే పూట చేస్తే శబ్దం పోవచ్చు, ఏది కారణమో మాత్రం తెలియదు, మళ్లీ వచ్చినప్పుడు మొదటికే వస్తారు. మార్చిన తర్వాత మొదట శబ్దం విన్న రోడ్డు మీదే, అదే వేగంతో తొక్కి చూడండి. ఇరుసు నట్లు విప్పి బిగించి ఉంటే పది కిలోమీటర్ల తర్వాత ఇంకోసారి పానా వేయండి. కొత్త స్పోకు వేసిన చక్రాన్ని వారం తర్వాత స్టాండు మీద పెట్టి, ఆ స్పోకును దాని పక్కవాటితో పాటు మీటి చూడండి. శ్రుతి దిగి ఉంటే పావు చుట్టు బిగించండి.